కడుపు రాకముందు ఎవరు చూశారు?

ఏప్రిల్ 15 వచ్చిందంటే గిలకలదిండి రేవు మూగబోతుంది. అక్కణ్ణించి జూన్ 14 దాకా 61 రోజులపాటు తూర్పు తీరంలో మరపడవలేవీ వేటకు వెళ్ళరాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమనీ, ఆ కాలంలో వలలు దించితే సముద్రం వట్టిపోతుందనీ ప్రభుత్వం పెట్టిన నిషేధం అది. మంచి నిషేధమే, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ రెండు నెలలూ పడవలు వరసగా కట్టేసి ఉంటాయి. కొందరు వలలు బాగుచేసుకుంటారు, కొందరు ఇంజన్లు విప్పి ఏ భాగం అరిగిందో చూసుకుంటారు. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయాక చూసుకుందాంలే అనుకునే సరంగు ఆ రేవులో ఒక్కడూ ఉండడు.

ఆ నిషేధపు రోజుల్లోనే ఒకసారి బందరు వెళ్ళినప్పుడు, నా చిన్నప్పటినుంచీ మా ఇంటికి చేపల బుట్టతో వచ్చే ముసలావిడ కనిపించింది. మనవరాలికి మూడో నెలట. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఆస్పత్రిలో వేలు పొడిచి చూసి రక్తం ఎనిమిదే ఉందన్నారట. అప్పటినుంచీ వచ్చినవాళ్ళందరూ ఆ పిల్లనీ, ఆ పిల్ల అత్తగారినీ చీవాట్లు పెడుతున్నారట. ముసలావిడ నన్నొక మాట అడిగింది. "కడుపు రాకముందు ఈ పిల్ల రక్తం ఎవురన్నా చూశారా అమ్మాయిగారూ? ఎనిమిది ఇయ్యాల అయిందా? కడుపొస్తేగానీ మా పిల్లలకి ఒళ్ళున్నట్టు కనపడదా ఈళ్ళకి?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న చాలా రోజులు వెంటాడింది. కాగితాలు తిరగేశాను, లెక్కలు చూశాను. చూసినకొద్దీ ఆవిడ అడిగింది న్యాయమని తేలింది. చేప గుడ్లు పెట్టకముందే దాని క్షేమం చూడాలని తెలిసిన ప్రభుత్వానికి, తల్లి కాబోయే పిల్ల క్షేమం మాత్రం ఆమె కడుపుతో ఆస్పత్రి గడప తొక్కాకే గుర్తొస్తుంది. చేపనీ మనిషినీ పోల్చానని కోప్పడకండి. ఆ పోలికలో అవమానం ఉంటే అది నా మాటలో లేదు, ఆ క్రమంలో ఉంది.

*

"అదేమిటి, పెళ్ళయిన ప్రతి ఆడదాని పేరూ నర్సమ్మ దగ్గర రాసి ఉంటుంది కదా" అంటారేమో. ఉంటుంది. దాని పేరు అర్హ దంపతుల రిజిస్టరు. భార్య వయసు 15కీ 49కీ మధ్య ఉన్న ప్రతి జంటా అందులోకి ఎక్కాలి. ఇక ఆ రిజిస్టరు ఏమడుగుతుందో చూడండి. పెళ్ళినాటి వయసు, ఉన్న పిల్లలెందరు, ఆఖరి బిడ్డకు ఎన్నేళ్ళు, ఏ కుటుంబ నియంత్రణ పద్ధతి పాటిస్తున్నారు. దేనికి "అర్హులు" ఈ దంపతులు? గర్భం రాకుండా చూసుకోవడానికి అర్హులు. మన దేశంలో గర్భానికి ముందున్న స్త్రీ పేరు ఊరూరా రాసిపెట్టిన పుస్తకం ఇది. ఆ పుస్తకం పుట్టింది ఆమె ఆరోగ్యం కొలవడానికి కాదు, ఆమె కనబోయే పిల్లల్ని లెక్కించడానికి. పెళ్ళికాని పిల్ల అయితే అందులో లేనే లేదు.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా విధానం ప్రకటించి, తక్కువ మందిని కనండి అన్నది. అంతకు ముందే, 1994 పంచాయతీరాజ్ చట్టంలో, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్నారు. 2024 నవంబరులో అదే నిబంధనను శాసనసభ ఎత్తివేసింది. జనాభా తరిగిపోతోంది, ఎక్కువ మందిని కనండి అని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సభల్లో చెబుతూ వచ్చారు. పాతికేళ్ళు దాటేసరికి విధానం తలకిందులైంది. కానీ రెండు విధానాలకూ ఒక సామ్యం ఉంది. "వద్దు" అన్నప్పుడూ "కావాలి" అన్నప్పుడూ లెక్కించింది పిల్లలనే. కనే మనిషి ఒంట్లో రక్తమెంత, బరువెంత, చక్కెరెంత అని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

*

లెక్కలు అసలే లేవా అంటే ఉన్నాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. అంతకుముందు సర్వేలో (2015-16) అది 60.0 శాతం. ఆ నాలుగేళ్ళలో జరిగిన ప్రగతి అంతా కలిపి ఒకటింబావు శాతమన్నమాట. అదే సర్వేలో సన్నగా, ఉండవలసిన బరువు లేనివారు 14.8 శాతం, అధిక బరువున్నవారు 36.3 శాతం. రక్తంలో చక్కెర హెచ్చుగా ఉన్నవారు, లేదా దానికి మందులు వాడుతున్నవారు 19.5 శాతం. 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. 15-19 ఏళ్ళవారిలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు.

ఈ అంకెల పక్కన మరో అంకె పెట్టి చూడండి. అదే రాష్ట్రంలో ఆస్పత్రి కాన్పులు 96.5 శాతం. లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు ఉమ్మడి రాష్ట్రంలో 2011-13లో 92 ఉండగా, విభజిత ఆంధ్రప్రదేశ్‌లో 2018-20 నాటికి 45. ఇది గొప్ప విజయం, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ విజయం ఎక్కడ దక్కిందో గమనించారా? కొలత ఉన్నచోట. ఆస్పత్రి గడప దగ్గర లెక్క మొదలయింది, కాబట్టి గడప లోపల జరిగేది బాగుపడింది. గడప బయట లెక్క లేదు, కాబట్టి బయటి రక్తం అలాగే ఉండిపోయింది.

ఇంకొకటి చెప్పాలి. ఆ సర్వే మన రాష్ట్రానికి వచ్చినప్పుడు కృష్ణా జిల్లా అంటే బెజవాడతో కూడిన పాత జిల్లా. 2022 ఏప్రిల్‌లో బెజవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్ళిపోయింది. కనుక ఆ జిల్లా అంకెలో బెజవాడ అపార్టుమెంటూ, గిలకలదిండి పాకా, దివిసీమ లంక ఊరూ ఒకే సగటులో కలిసిపోయి ఉన్నాయి. ఉప్పునీటి ఊళ్ళకు సగటు ఎంత అబద్ధం చెబుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. బంగ్లాదేశ్ తీరంలో ఖుల్నా ప్రాంతపు దాకోప్‌లో, తాగునీటిలో ఉప్పు హెచ్చిన కొద్దీ గర్భిణుల్లో రక్తపోటు సమస్యలు హెచ్చుతున్నాయని 2011లోనూ ఆ తర్వాతా పరిశోధకులు ప్రచురించారు. దివిసీమలో బోరు వేస్తే ఉప్పునీరు పడే ఊళ్ళెన్నో మనకు తెలుసు. అక్కడి ఆడపిల్లల రక్తపోటు గర్భానికి ముందు ఎంత ఉంటోందో ఊరి లెక్కన ఎక్కడ రాసుకున్నాం?

*

"మూడో నెలలో చూస్తున్నారుగా, అది చాలదా?" అనే ప్రశ్నకు వస్తాను. చాలదు. అందుకు దేహధర్మమే కారణం.

గర్భం వచ్చాక ఒంట్లో రక్తద్రవం పెరిగి రక్తం పలచబడుతుంది. అందుకే మామూలు స్త్రీకి 12 గ్రాములు దాటాల్సిన హిమోగ్లోబిన్‌కు గర్భిణి విషయంలో 11 చాలునంటారు. మూడో నెలలో ఎనిమిది ఉన్న పిల్లకు అంతకుముందు ఎంత ఉండేదో తెలియకపోతే, ఇది కొత్తగా వచ్చిన లోటో పాత లోటో ఎలా తెలుస్తుంది? రక్తపోటు సంగతీ అంతే. తొలి నెలల్లో అది సహజంగా కొంత దిగుతుంది. అంతకుముందే రక్తపోటు ఉన్న స్త్రీ కూడా ఆ నెలల్లో కొలిస్తే మామూలుగానే కనిపించి, ఏడో నెలలో ఒక్కసారిగా ప్రమాదంలో పడవచ్చు. గర్భిణి ఎంత బరువు పెరగాలన్నది ఆమె గర్భానికి ముందున్న బరువును బట్టి చెప్పాలి. కానీ కార్డులో రాసే మొదటి బరువు వాంతులతో సగమైన మూడో నెల బరువు. మొదటి అంకె లేని తీసివేతలాంటిది ఈ వైద్యం.

అన్నిటికన్నా కఠినమైన గడువు మరొకటి ఉంది. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. చివరి నెలసరి నుంచి లెక్కపెడితే అది ఆరో వారం. నెల తప్పిన సంగతి ఇంట్లో తేలేసరికే ఆ వారం వచ్చేస్తుంది. మన లెక్కల్లో "సకాలంలో నమోదు" అంటే 12 వారాల్లోపు. అంటే సకాలం అని మనం మెచ్చుకునే కాలం, ఆ తలుపు మూసుకున్నాక ఆరు వారాల దాకా సాగుతుంది! గర్భానికి ముందునుంచీ ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, లోగడ ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులలో ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గుతుందని ఏడు దేశాల్లో జరిపిన పరీక్ష 1991లోనే తేల్చింది.

ఇది మన పెద్దలకు తెలియదా? తెలుసు. 2018లో వచ్చిన రక్తహీనతా నివారణ కార్యక్రమం, ఎనీమియా ముక్త్ భారత్, గర్భానికి ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వేసుకోవాలని కాగితం మీద రాసింది. 20-49 ఏళ్ళ స్త్రీలందరికీ వారానికొక ఎర్రమాత్ర కూడా ఇవ్వాలన్నది. ఆ ఎర్రమాత్రలో ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు, అదీ వారానికి. రోజుకు 400 చొప్పున వారానికి ఎంతవుతుందో మీరే హెచ్చవేసుకోండి. 2,800. పోనీ, రోజూ వేసుకోవలసిన ఆ మాత్ర ఎందరు వేసుకున్నారు? ఐదో సర్వే వివరపత్రంలో 131 సూచికలున్నాయి. గర్భిణిగా ఉండగా 100 రోజులు ఇనుము మాత్రలు మింగినవారెందరన్నది అందులో ఉంది. గర్భానికి ముందు ఫోలిక్ ఆమ్లం వేసుకున్నవారెందరన్న సూచిక లేదు. లెక్క అడగని పనిని ఎవరు చేస్తారు?

ఇక వయసుల సంగతి. 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు బళ్ళలో, అంగన్‌వాడీల్లో వారానికొక నీలిమాత్ర. రక్తపోటు, మధుమేహం కోసం 2017లో దేశమంతటా మొదలైన పరీక్షలకు జాతీయ కార్యక్రమం గీసిన గీత 30 ఏళ్ళు. మధ్యలో ఉన్న పదేళ్ళు? ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకున్నవారు. మన ఊళ్ళలో పెళ్ళి, రెండు కాన్పులు, ఆపరేషను, అన్నీ ముప్ఫై లోపే ముగిసిపోయే ఆడవాళ్ళు ఎంతమందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆమెను శ్రద్ధగా కొలవడం మొదలుపెట్టే వయసుకు, కొలిస్తే బిడ్డకూ తల్లికీ ఉపయోగపడే కాలం కాస్తా దాటిపోయి ఉంటుంది.

*

ఉన్న కొలబద్దనైనా నిలుపుకున్నామా? అదీ లేదు. వేలు పొడిచి తీసే చుక్క రక్తంలో కొలత సరిగా రాదు, సిర నుంచి తీసిన రక్తమే నమ్మదగినది అని శాస్త్రజ్ఞులు అన్నారు. నిజమే. అందుకని ఆరో కుటుంబ ఆరోగ్య సర్వేలో హిమోగ్లోబిన్ పరీక్షనే తీసేసి, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నడిపే వేరే సర్వేకు అప్పగించారు. కొత్త కొలత మంచిదే కావచ్చు. కానీ పాత తూనికరాయిని పారేసేముందు కొత్తదానితో పక్కపక్కన పెట్టి తూచాలన్న ఇంగితం సంతలో బెల్లం అమ్మేవాడికి కూడా ఉంటుంది. 60.0, 58.8 తర్వాత ఆ వరసలో రావలసిన అంకె ఇక రాదు. ఈ మధ్యకాలంలోనే ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన బియ్యాన్ని 2024 మార్చి నాటికి దేశంలోని చౌకధరల దుకాణాలన్నిటికీ చేర్చారు. ఎన్ని టన్నులు పంచారో లెక్క ఉంటుంది. పంచినదాని ఫలితాన్ని పాత వరసలో చూసుకునే దారి మాత్రం మూసుకుపోయింది.

*

ఇప్పుడు నాకు ఎదురుగా నిలబడే వాదాన్ని నిలబెట్టి మాట్లాడతాను. అది చిన్న వాదం కాదు. "ఆడదాన్ని ఎప్పుడూ కాబోయే తల్లిగానే చూస్తారా? నెలసరి నుంచి బరువు దాకా సర్కారు పుస్తకంలో రాయించుకోవాలా?" 2006 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం గర్భపూర్వ ఆరోగ్యంపై సిఫారసులు ప్రకటించినప్పుడు అక్కడి పత్రికల్లో వచ్చిన విమర్శ ఇదే. ఆడవాళ్ళందరినీ జీవితాంతం గర్భానికి ముందున్న మనుషులుగా చూస్తున్నారని. ఆ విమర్శ చేసినవారి భయం నా భయం కూడా. ఆపరేషన్ల లక్ష్యాలు పూర్తిచేయడానికి ఆడవాళ్ళను బళ్ళలో ఎక్కించి శిబిరాలకు తరలించిన దేశం ఇది. పెళ్ళికాని పిల్ల రక్తపరీక్ష కాగితం ఊళ్ళో పడితే ఏమవుతుందో నాకూ తెలుసు. "రక్తం తక్కువట" అన్న మాట సంబంధం చెడగొట్టడానికి చాలు.

కానీ ఈ వాదం నుంచి "కొలవవద్దు" అన్న నిర్ణయం రాదు. "ఎవరికోసం కొలుస్తున్నారు" అన్న ప్రశ్న వస్తుంది. కొలవకపోతే ఆమె స్వేచ్ఛగా ఉంటుందన్నది భ్రమ. ఆ ముసలావిడ మనవరాలిని పందొమ్మిదేళ్ళు ఎవరూ కొలవలేదు. ఆ పందొమ్మిదేళ్ళూ ఆమె స్వేచ్ఛగా లేదు, నీరసంగా ఉంది. ఎండలో చేపలు ఆరబెడుతూ కళ్ళు తిరిగితే ఎండదెబ్బ అనుకుంది.

బలవంతం లేకుండా కొలిచే దారులు ఉన్నాయి. చైనా 2003లో పెళ్ళికి ముందటి తప్పనిసరి పరీక్షను ఎత్తేసి, 2010 నుంచి గర్భానికి ముందు ఉచితంగా, ఇష్టమైనవారికే పరీక్షలు చేసే పద్ధతి పెట్టింది. అందులో భర్తకూ పరీక్ష ఉంది. అమెరికాలో 1987 నుంచీ కాన్పయిన తల్లులలో కొందరిని ఎంచి, గర్భానికి ముందు మీ బరువెంత, విటమిను మాత్రలు వేసుకున్నారా అని అడిగి రాష్ట్రాలవారీగా లెక్క తీస్తున్నారు. అంతదూరం ఎందుకు, పూణే దగ్గర ఆరు పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993లోనే గర్భం రాకముందునుంచీ స్త్రీల బరువు, తిండి, శ్రమ కొలిచి, తర్వాత పుట్టిన బిడ్డలతో సరిపోల్చింది. ముంబయి మురికివాడల్లో 2006లో మొదలైన మరో పరీక్షలో ఆకుకూర, పండ్లు, పాలు కలిపిన చిరుతిండి గర్భానికి ముందునుంచీ పెట్టారు. మొత్తంమీద బిడ్డల బరువులో పెద్ద తేడా రాలేదు. కానీ గర్భానికి కనీసం మూడు నెలల ముందునుంచి తిన్నవారిలో, మరీ బక్కపలచగా లేని తల్లుల బిడ్డలు బరువు పెరిగారు. అంటే ఎవరికి ఏ తిండి పనిచేస్తుందో తెలియాలన్నా ముందటి బరువు తెలిసి ఉండాలి.

*

కనుక నేను అడిగేవి ఇవి. 15 నుంచి 49 దాకా, పెళ్ళితో నిమిత్తం లేకుండా, ప్రతి స్త్రీకీ ఏడాదికొకసారి రక్తం, బరువు, రక్తపోటు, చక్కెర చూడాలి. మగవాళ్ళకూ చూడాలి, పొగాకూ సారా సంగతి వాళ్ళనూ అడగాలి. బిడ్డ ఇద్దరి బిడ్డ. ఫలితం మొదట ఆమె చేతికి ఇవ్వాలి, దానితోపాటే వైద్యమూ ఇవ్వాలి. మందు లేని కొలత దొంగ కొలత. పేర్లు ఊరు దాటకూడదు, పైకి వెళ్ళేది మండలం అంకె మాత్రమే. ఆ అంకెను ఏటా అందరికీ కనబడేలా ప్రకటించాలి. పాత పద్ధతి, కొత్త పద్ధతి కనీసం ఒక్క విడత పక్కపక్కన నడపాలి. ప్రసూతి కార్డులో ఒక గడి చేర్చాలి, గర్భానికి ముందు ఫోలిక్ ఆమ్లం వేసుకున్నారా అని. ఒక్క గడికి ఖర్చెంత?

మనలో సగంమంది కంప్యూటర్ల మీద బతికేవాళ్ళం. సర్వరు కూలిపోయాక కారణాలు వెతికేవాడికి ఉద్యోగం ఉండదని మనకు తెలుసు. కూలకముందే దాని వేడి, భారం నిమిష నిమిషానికీ కొలిచి పెట్టుకుంటాం. ఆ శ్రద్ధలో వెయ్యోవంతు మన అక్కచెల్లెళ్ళ ఒంటికి కోరడం అత్యాశ అని ఎవరైనా అనుకుంటే, వచ్చి వాదించండి. వింటాను. అంకెల్లో పొరపాటుంటే చూపించండి, దిద్దుకుంటాను.

ఆ ముసలావిడకు మాత్రం నేనింకా జవాబు బాకీ ఉన్నాను. ఈసారి బందరు వెళ్ళినప్పుడు చెప్పవలసింది ఒక్కటే కనిపిస్తోంది. "లేదు పెద్దమ్మా, ఎవరూ చూడలేదు. చూడాలన్న గడి పుస్తకంలో లేదు." ఆవిడ నవ్వుతుందని తెలుసు. ఆ నవ్వుకు తలవంచుకోవలసింది నేనొక్కదాన్నే కాదు.